ఈగ అబద్ధం... చేప నిజం!

మోకాలి లోతు నీళ్లు. అవీ మామూలు నీళ్లు కావు. పైన కొండల్లో మంచు కరిగి వస్తున్నవి. పది నిమిషాలు నిలబడితే కాళ్లు ఉన్నాయో లేదో తెలియనంత చల్లన. ఆ ప్రవాహంలో ఓ మనిషి గంట నుంచీ నిలబడే ఉన్నాడు. చేతిలో తొమ్మిదడుగుల సన్నటి కర్ర. దాన్ని వెనక్కీ ముందుకీ ఊపుతుంటే పసుప్పచ్చటి తాడు గాల్లో మెలికలు తిరుగుతూ వెళ్లి, చప్పుడు లేకుండా నీటి మీద వాలుతోంది. మళ్లీ లేస్తోంది. మళ్లీ వాలుతోంది.

ఒడ్డున బండ మీద హైదరాబాద్ నుంచి వచ్చిన ఓ కుటుంబం. పదేళ్ల పిల్లాడికి ఒకటే అనుమానం.

''నాన్నా, వానపాము ఏదీ? ఎర లేకుండా చేప ఎందుకొస్తుంది?''

నాన్న దగ్గర జవాబు లేదు. చెరువుగట్టున చతికిలబడి, గాలానికి వానపామును గుచ్చి, బెండు ఎప్పుడు మునుగుతుందా అని కళ్లప్పగించి చూసిన చిన్నతనం ఆయనది. ఇక్కడ బెండు లేదు, సీసం గుండు లేదు, ఎర లేదు. కూర్చోవడం అసలే లేదు!

హిమాచల్‌ప్రదేశ్ కులు జిల్లాలో తీర్థన్ నది ఒడ్డున సీజన్‌లో ఇలాంటి దృశ్యం తరచూ కనిపిస్తుంది. ఆ మనిషి చేస్తున్నది ఫ్లై ఫిషింగ్. పట్టాలనుకుంటున్నది ట్రౌట్‌ని. పిల్లాడి ప్రశ్నకు జవాబు మాత్రం ఆ తాడు చివరన, గోరంత సైజులో ఉంది. కోడి ఈక, కుందేలు బొచ్చు, పట్టుదారం కలిపి గాలానికి చుట్టిన ఓ దొంగ ఈగ!

చర్నాకోల చదువు

మామూలు గాలంలో బరువంతా చివర్న ఉంటుంది. సీసం గుండు విసిరితే తాడు దాని వెంట పోతుంది. ఫ్లై ఫిషింగ్‌లో అంతా తిరకాసు. ఈగకు బరువే ఉండదు, దాన్ని విసిరితే కాళ్ల దగ్గరే పడుతుంది. అందుకని తాడునే లావుగా, బరువుగా తయారుచేస్తారు. విసిరేది తాడుని. ఈగ దాని తోకపట్టుకుని పోతుందంతే. ఎడ్లబండి తోలేవాళ్లు చర్నాకోల ఝళిపించడం చూసినవాళ్లకు ఈ సూత్రం ఇట్టే అర్థమవుతుంది. పిడి దగ్గర చిన్న కదలిక... కొసకు వెళ్లేసరికి పెద్ద వేగం. తాడు చివర ఒకటిన్నర రెండు బారల సన్నటి పారదర్శక నైలాన్ దారం కడతారు. చేపకు తాడు కనిపించకూడదు కదా.

కర్రను గడియారంలో ముల్లులా పదికీ రెండుకీ మధ్య ఆడించమని నేర్పుతారు. వెనక్కి ఊపాక తాడు పూర్తిగా చాచుకునేదాకా క్షణకాలం ఆగాలి. కొత్తవాళ్లకు ఆ ఆగడమే రాదు. తొందరపడి ముందుకు లాగుతారు, గాలం వెళ్లి వెనకున్న చెట్టుకొమ్మకు తగులుకుంటుంది. అదృష్టం బాగోకపోతే సొంత చెవికే. తొలిరోజు పట్టే చేపల కంటే పట్టే చెట్లే ఎక్కువన్నది ఈ ఆటలో పాత జోకు.

ఇంతకీ ఈగే ఎందుకు? ఎందుకంటే కొండవాగులో ట్రౌట్ తినేది ఎక్కువగా పురుగుల్నే కాబట్టి. నీళ్లలో ఓ రాయిని తిరగేస్తే అడుగున అంటుకుని చిన్నచిన్న పురుగులు కనిపిస్తాయి. మేఫ్లై, కాడిస్‌ఫ్లై, స్టోన్‌ఫ్లై పిల్లలవి. మేఫ్లై సంగతి మరీ విచిత్రం. నెలల తరబడి, కొన్ని జాతులైతే ఏడాదికి పైగా, రాళ్ల కిందే బతుకుతుంది. తర్వాత ఓ సాయంత్రం పైకి తేలి, రెక్కలు విప్పుకుని, జతకట్టి, గుడ్లు పెట్టి ఒకటి రెండు రోజుల్లోనే చనిపోతుంది. ఆ చివరి రూపంలో దానికి తినడానికి పనికొచ్చే నోరు కూడా ఉండదు! అలా అవి గుంపుగా పైకొచ్చే వేళ ట్రౌట్‌కు విందుభోజనం. ఆ వేళకు నీటి మీద ఏ పురుగు తేలుతోందో చూసి, పెట్టెలోంచి అలాంటి రంగూ సైజూ ఉన్న ఈగను తీసి కట్టాలి. చేప కళ్లకు గంతలు కట్టడం అంత తేలిక కాదు మరి.

అసలైన చిక్కు ఇంకొకటుంది. ట్రౌట్ ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి, ఏ బండ చాటునో నిలబడి, కొట్టుకొచ్చే తిండి కోసం కాచుకుంటుంది. అందుకే వేటగాడు దాని వెనక నుంచి, అంటే దిగువ నుంచి ఎగువకు నడుస్తాడు. మధ్యలో నీళ్లు ఒకచోట వడిగా, ఇంకోచోట నిదానంగా పారతాయి. తాడు వడిలో పడితే ఈగను ఈడ్చుకుపోతుంది. నిజం పురుగు అలా ఈదుకుంటూ పరుగెత్తదు, నీటితో పాటు పోతుంది. జానెడు దూరం ఈగ అసహజంగా జారినా ట్రౌట్ దగ్గరకు వచ్చి, చూసి, వెనక్కి వెళ్లిపోతుంది. ఆ 'చూసి వెళ్లిపోవడం' దగ్గరే జనం ఈ ఆటకు బానిసలైపోతారు.

ఈ కిటుకు ఇప్పటిది కాదు. మాసిడోనియాలో జనం గాలానికి ఎర్రటి ఉన్నీ చుట్టి, కోడి ఈకలు కట్టి చేపలు పడుతున్నారని దాదాపు 1800 ఏళ్ల కిందట ఏలియన్ అనే రోమన్ రచయిత రాశాడు. మనవాళ్లూ తక్కువ తినలేదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు రాయించిన 'మానసోల్లాసం'లో గాలపు వేటకు 'మత్స్యవినోదం' పేరుతో ఏకంగా ఓ అధ్యాయమే ఉంది. ఏ చేపకు ఏ ఎర పెట్టాలో కూడా అందులో చెప్పారు.

అన్నట్టు, ఈగలు కట్టడంలో మన దక్షిణాది అడవికోడికీ వాటా ఉంది. బూడిదరంగు అడవికోడి పుంజు మెడ ఈకల మీద మైనం చుక్కల్లాంటి మచ్చలు ఉంటాయి. నీళ్లలో అవి చిన్న చేప కళ్లలా మెరుస్తాయి. సాల్మన్ చేపల కోసం కట్టే ఈగలకు అవంటే ఇంగ్లండులో పిచ్చి మోజు. ఒకప్పుడు ఇక్కడి నుంచి ఓడల్లో వెళ్లేవి. ఇప్పుడా పక్షిని వేటాడటం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇక మామూలు పుంజు ఈకలదీ ఓ కథే. 2011లో అమెరికా అమ్మాయిలు వాటిని జడల్లో పెట్టుకోవడం మొదలెట్టేసరికి ధరలు ఒక్కసారిగా చుక్కలనంటాయి. బ్యూటీపార్లర్ల వాళ్లొచ్చి దుకాణాలు ఊడ్చుకుపోతుంటే గాలాలవాళ్లు లబోదిబోమన్నారు!

తివాచీల దొర తెచ్చిన చేప

ట్రౌట్ మన చేప కాదు. బ్రౌన్ ట్రౌట్‌ది యూరప్. ఒంటి మీద తెల్లటి వలయాల మధ్య ఎర్రచుక్కలు ఉండేది అదే. పక్కల్లో గులాబీ చార ఉండే రెయిన్‌బో ట్రౌట్‌ది ఉత్తర అమెరికా పశ్చిమ తీరం. బ్రిటిష్‌వాళ్లు ఇక్కడ చలిని వెతుక్కుంటూ కొండలెక్కారు. అక్కడి వాగుల్ని చూడగానే వాళ్లకు స్కాట్లాండ్ గుర్తొచ్చింది. నీళ్లున్నాయి, బండలున్నాయి, చలి ఉంది... చేపే తక్కువ. దాన్నీ తెచ్చుకుంటే పోలా అనుకున్నారు.

తేవడం మాత్రం చిన్న పని కాలేదు. 1899లో కశ్మీర్‌కు బయల్దేరిన గుడ్లు దారిలోనే పాడైపోయాయి. 1900లో మళ్లీ ప్రయత్నించారు. ఈసారి బతికాయి. శ్రీనగర్‌లో తివాచీల ఫ్యాక్టరీ నడిపే ఫ్రాంక్ మిచెల్ అనే స్కాట్లాండ్ దొర వాటిని కంటికి రెప్పలా కాచి, పిల్లల్ని చేశాడు. ఆ చేపల సంతానమే కశ్మీర్ వాగులన్నింటికీ పాకింది. 1909లో కశ్మీర్ నుంచి కులు లోయకు వచ్చింది. అప్పట్లో అక్కడ అసిస్టెంట్ కమిషనర్‌గా ఉన్న హోవెల్ కట్రాయిన్ దగ్గర హేచరీ పెట్టించాడు. అటు నీలగిరుల్లో అవలాంచి దగ్గర, మున్నార్ తేయాకు తోటల ఎగువన కూడా దొరలు ఇదే పని చేశారు. దొరలు పోయారు. చేపలు ఉండిపోయాయి.

అన్నిచోట్లా ఉండకపోవడానికి కారణం దాని ఒంటి తత్వం. పదిహేను డిగ్రీల చుట్టుపక్కల నీళ్లయితే ట్రౌట్‌కు హాయి. ఇరవై దాటితే ఆయాసం. పాతిక దాటితే ప్రాణగండం. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గిపోతుంది మరి. గోదావరిలోనో కృష్ణలోనో ట్రౌట్‌ను వేస్తే ఎండాకాలం దాకా అక్కర్లేదు, సంక్రాంతికే దండం పెట్టేస్తుంది. యంత్రాలతో నీళ్లు చల్లబరిచి, శుద్ధిచేసి తిప్పే తొట్లలో పెంచడం వేరే సంగతి. రంగారెడ్డి జిల్లాలోనే అలాంటి ఫారం ఒకటి వచ్చింది.

రెండు లోయలు... ఒక నెల

ఢిల్లీ నుంచి మనాలీ వెళ్లే దారిలో ఔట్ దగ్గర పొడవాటి సొరంగం వస్తుంది. దాదాపు అన్ని బండ్లూ అందులో దూరి మనాలీ పోతాయి. సొరంగానికి ముందే పక్కకు తిరిగితే లార్జీ. అక్కడే సైంజ్, తీర్థన్ నదులు వచ్చి బియాస్‌లో కలుస్తాయి.

బియాస్... ఈ పేరు వినగానే తెలుగువాళ్లకు గుండె కలుక్కుమంటుంది. 2014 జూన్ 8. హైదరాబాద్ నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజినీరింగ్ విద్యార్థులు థలౌట్ దగ్గర నీళ్లు తక్కువగా ఉన్నాయని నదిలోకి దిగి బండల మీద ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన లార్జీ డ్యామ్ గేట్లెత్తారు. చూస్తుండగానే నీళ్లు పెరిగిపోయాయి. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లతో పాటు టూర్ నిర్వాహకుడొకరు. శరీరాల కోసం వారాల తరబడి వెతకాల్సివచ్చింది. ఒడ్డున కూర్చుని నది వంక చూస్తూ ఉండిపోయిన ఆ అమ్మానాన్నల్ని టీవీల్లో చూసిన ఏ ఇంట్లోనూ ఆ రాత్రి అన్నం సహించలేదు.

ఆనకట్ట కింద నది నదిలా ఉండదు. కరెంటు గిరాకీని బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. మనిషికే కాదు, చేపకూ అది అర్థం కాదు. గులకరాళ్ల మధ్య గుడ్లు పెడితే పొద్దున నీళ్లుంటాయి, సాయంత్రం ఉండవు. ఇంకొన్నిచోట్ల నదిని సొరంగంలోకి మళ్లించి కిలోమీటర్ల కొద్దీ దిగువన పవర్‌హౌస్ దగ్గర బయటకు వదులుతారు. ఆ మధ్యలో నదికి మిగిలేది రాళ్లే.

తీర్థన్, సైంజ్ రెండూ గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు మంచుకొండల్లోనే పుడతాయి. ఒక తల్లి పిల్లల్లాంటివి. సైంజ్ లోయలోకి పార్వతి-3 ప్రాజెక్టు వచ్చింది, 520 మెగావాట్లు. ఆ తర్వాత సైంజ్ ప్రాజెక్టు, 100 మెగావాట్లు. తీర్థన్ మీదా ప్రాజెక్టులు కట్టాలనుకున్నారు. లోయ జనం ఒప్పుకోలేదు. బంజార్ మాజీ ఎమ్మెల్యే దిలేరామ్ శబాబ్ ముందుండి కోర్టుదాకా వెళ్లారు. చివరకు ప్రాజెక్టులు ఆగిపోయాయి. వాళ్లు చూపిన కారణాల్లో ట్రౌట్ కూడా ఒకటి. దేశంలో మంచి ట్రౌట్ నది ఇది, దీన్ని మిగలనివ్వండి అన్నారు. వందేళ్ల కిందట తెల్లదొరలు సరదా కోసం తెచ్చిన చేప ఓ నదికి సాక్షిగా నిలబడిందన్నమాట!

పార్కుకు యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చిందీ 2014 జూన్‌లోనే. లార్జీ దిగువన ఆ పిల్లల కోసం ఇంకా వెతుకుతున్నారు అప్పటికి.

లోయవాళ్లకు పార్కు ఉత్తపుణ్యానికి దక్కలేదు. 1999లో దాన్ని పూర్తిస్థాయి జాతీయ పార్కుగా ప్రకటించాక లోపల గొర్రెలు మేపుకునే హక్కు, మందుమొక్కలు ఏరుకునే హక్కు పోయాయి. తరాల నుంచీ వాటి మీద బతికినవాళ్లకు అది చిన్న దెబ్బ కాదు. పరిహారం కాగితాల మీద ఉన్నవాళ్లకే అందుతుంది. కాగితం లేనివాళ్లే కొండల్లో ఎక్కువ. తర్వాత్తర్వాత పిల్లలు ట్రెక్కింగ్ గైడ్‌లయ్యారు. ఇంటి పైగదులు హోంస్టేలయ్యాయి. గుషైని, నాగిని ఊళ్లలో ఇవాళ గాలం పట్టుకుని వచ్చే అతిథి అంటే ఓ పూట కూలి, రెండు పూటల భోజనం బిల్లు. నది చెడితే మొదట ఖాళీ అయ్యేది ఆ గదులే.

అతిథా... ఆక్రమణదారా?

ఇక్కడో ఇబ్బందికరమైన ప్రశ్న ఉంది. ట్రౌట్ అభిమానులు దాన్ని తప్పించుకు తిరుగుతుంటారు. దొరలు రాకముందు ఈ వాగుల్లో చేపలే లేవా? ఉన్నాయి. స్నో ట్రౌట్ అంటారు. పేరులో ట్రౌట్ ఉన్నా అది మన బొచ్చె, శీలావతిల కుటుంబానికి చెందిన చేప. రాళ్ల మీది పాచి గీక్కుని తినే సాధుజీవి. కశ్మీర్ వాళ్లకు ఇష్టమైన వంట. పరాయి చేప వచ్చాక చల్లటి ఎగువ వాగుల్లో దీని చోటు తగ్గింది. బ్రౌన్ ట్రౌట్ పెద్దదయ్యేకొద్దీ పురుగుల్ని వదిలి చిన్న చేపల్ని తింటుంది. ప్రపంచంలో అత్యంత హాని చేసే వంద పరాయి జీవుల జాబితా ఒకటుంది. బ్రౌన్, రెయిన్‌బో రెండూ అందులో ఉన్నాయి.

అలాగని ఇప్పుడు వాటిని ఏరి పారేయడం జరిగే పని కాదు. కనీసం ఇంకా చేరని వాగుల్లోకైనా వదలకుండా ఉంటే మేలు. కొండ మీద ఏ చెరువు కనిపించినా పర్యాటకం పేరుతో ట్రౌట్ పిల్లల్ని వదిలేసే ఉత్సాహమే ప్రమాదం. అదే సమయంలో రెండు చేపలకూ ఉమ్మడి శత్రువులున్నారు. రాత్రిపూట నీళ్లలో బ్లీచింగ్ పౌడర్ కలిపేవాళ్లు, మందుగుండు పేల్చేవాళ్లు, కరెంటు తీగ పెట్టేవాళ్లు. వీళ్లు పట్టేది నాలుగు చేపలు, చంపేది వాగు వాగంతటినీ. రోడ్లు వెడల్పు చేస్తూ మట్టిని నదిలోకే దొర్లించడం ఇంకో గొడవ. ఆ బురద గులకరాళ్ల సందుల్లో పేరుకుంటే గుడ్లకు గాలి ఆడదు. రాళ్లకింది పురుగులూ ఉండవు. దొంగ ఈగను చూసి మోసపోవడానికి చేపకు అసలు ఈగ అంటే ఏమిటో తెలియాలిగా!

ఇక వరదలు. 2023 జులైలో బియాస్ ఉగ్రరూపం దేశమంతా చూసింది. 2025 వానల్లోనూ కులు జిల్లాలో వాగులు ఒళ్లు విరుచుకున్నాయి. ట్రౌట్ వరద తెలియని చేప కాదు, పక్క వాగుల్లోకి తప్పుకుని మళ్లీ వస్తుంది. నది పక్కన సిమెంటు తొట్లు కట్టి రెయిన్‌బో ట్రౌట్ పెంచే రైతుకు ఆ వెసులుబాటు లేదు. నది కాలవలోకి బురదొస్తే తొట్టిలో చేపలన్నీ ఒక్కపూటలో పోతాయి.

తడి చేతులతో...

గాలం వేయాలంటే మత్స్యశాఖ లైసెన్సు తీసుకోవాలి. రోజుకు ఇన్నే పట్టాలి, ఇంతకంటే చిన్నవి వదిలేయాలి అని నిబంధనలుంటాయి. వలలు నిషేధం. చాలామంది ఇప్పుడు పట్టిన ప్రతి చేపనూ వదిలేస్తున్నారు. 'తినని దానికి పట్టడమెందుకు, దాన్ని ఏడిపించడమెందుకు' అని అడిగే అమ్మమ్మలు మన ఇళ్లలో ఉంటారు. 'పుస్తెలమ్మయినా పులస తినాలి' అనే గడ్డ మీద ఆ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం. నిజానికి దానికి తిరుగులేని జవాబు ఎవరి దగ్గరా లేదు. వదిలిన చేపల్లోనూ కొన్ని చనిపోతాయి. అందుకే పద్ధతి తెలిసినవాళ్లు గాలం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లును ముందే నొక్కేస్తారు, తేలిగ్గా ఊడొస్తుందని. చేపను ముట్టుకునే ముందు చేతులు తడుపుకుంటారు. పొడిచేయి తగిలితే దాని ఒంటి మీది జిగురుపొర పోతుంది, జబ్బులు పట్టుకుంటాయి. నీటిలోనే ఉంచి, తల ఎగువకు తిప్పి పట్టుకుంటారు. మొప్పల్లోంచి నీళ్లు పారి, శక్తి కూడదీసుకుని తనంతట తానే వెళ్లేదాకా. ఫొటో కోసం నిమిషాల తరబడి గాల్లో వేలాడదీయడం అంటే దాన్ని చంపి, చావు చూడకుండా వెళ్లిపోవడమే.

కుటుంబంతో వెళ్లేవాళ్లకు మార్చి నుంచి జూన్ మొదటివారం దాకా, మళ్లీ వానలు వెనకబట్టాక సెప్టెంబరు చివర, అక్టోబరు బాగుంటాయి. కశ్మీర్‌లో అయితే ఏప్రిల్ నుంచి సెప్టెంబరు. కర్ర, రీలు, ఈగలు కొనాల్సిన పనిలేదు, చాలా హోంస్టేల్లో అద్దెకిస్తారు. నేర్పే మనిషినీ చూపిస్తారు. ఎండ మిట్టమధ్యాహ్నం ఉన్నప్పుడు గాలం వేసి లాభం లేదు, పొద్దుటిపూటా సాయంత్రమూ తప్ప. ఒక్క విషయం మాత్రం పిల్లలకు ఒకటికి రెండుసార్లు చెప్పాలి. ఆనకట్టకు దిగువన ఉన్న ఏ నదిలోనూ, నీళ్లు ఎంత తక్కువగా కనిపించినా, దిగకూడదు. ఆనకట్ట లేని తీర్థన్‌లోనైనా నీళ్ల రంగు మారి, పుల్లాపుడకా కొట్టుకురావడం మొదలైతే పైన ఎక్కడో వాన పడిందని అర్థం. కర్ర వదిలేసైనా సరే, ఒడ్డెక్కాలి.

అక్టోబరు ఆఖరుతో గాలాలు మూటగట్టేస్తారు. నవంబరు ఒకటి నుంచి ఫిబ్రవరి చివరిదాకా హిమాచల్‌లో ట్రౌట్ వేట బంద్. అప్పుడు ఆడ ట్రౌట్ పలచటి నీళ్లలోకి వచ్చి, పక్కకు వాలి, తోకతో గులకరాళ్లను ఎగజిమ్ముతూ గుంట చేస్తుంది. గుడ్లు పెట్టి, ఎగువన మళ్లీ రాళ్లు తవ్వి వాటిని కప్పేస్తుంది. ఒడ్డున మంచు పడుతుంటుంది. నాగిని వంతెన మీంచి జాగ్రత్తగా చూస్తే నదీగర్భంలో ముదురురంగు రాళ్ల మధ్య అప్పుడే కడిగినట్టు తెల్లగా మెరిసే మచ్చలు కనిపిస్తాయి.